మెట్లెక్కిన వాళ్లు

ఫిబ్రవరి 9, ఆదివారం

ఓడిపోయినవాళ్లు ఓడిపోయినట్టు ఉండాలి. తలుపు వేసుకుని ఇంట్లో కూర్చోవాలి. కొన్నాళ్లు నలుగురికీ ముఖం చూపించకూడదు. అల్మాస్‌గూడ ఊరుగా ఉన్నప్పుడు అంతే జరిగేది. సర్పంచి ఎన్నికల్లో ఓడినవాడు ఆర్నెల్లు అత్తగారింటికి పోయి ఉండేవాడు. ఓడిపోవడానికీ ఒక మర్యాద ఉంటుంది.

వీళ్లు కుర్చీలు తెచ్చుకున్నారు! ఇళ్లలోంచి ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చి గ్రౌండులో కానుగ చెట్టు కింద వేసుకుని కూర్చున్నారు. పాల కోసం వెళ్తుంటే ఒకడు లేచి నమస్తే కూడా పెట్టాడు. ఒళ్లు మండిపోయింది.

ఎన్నికలు దసరాకు ముందే అయిపోయాయి. రాజన్న కాలనీ సంక్షేమ సంఘానికి మళ్లీ మా అన్న మల్లేశమే ప్రెసిడెంటు. కాలనీ పేరు మా నాన్న పేరు. కాలనీ ఉన్న నేల ఒకప్పుడు మా జొన్నలు పండిన చెల్క. ఇంకెవడవుతాడు? ఎదురు నిలబడ్డ త్రినాథరావు ఎవడు? శ్రీకాకుళం నుంచి వచ్చి, మొన్న మొన్న ప్లాటు కొని ఇల్లు కట్టుకున్న రిటైర్డు లెక్కల మాస్టారు. ఓడాడు. ఇంటికి తాళం వేసి కొత్తపేటలో కూతురి దగ్గరికి పోయాడు. ఆయనకు సిగ్గుంది. ఆయన వెనక తిరిగిన జనానికే లేదు. ప్రతి ఆదివారం కుర్చీలు.

ఈ డైరీ సిమెంటు కంపెనీవాళ్లు ఇచ్చారు. నా కాంట్రాక్టు సైట్ల సంగతులు రాసుకుందామనుకున్నాను. కానీ కోపాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి. బీపీ మాత్ర పెంచారు. మా ఆవిడ సుజనకు చెప్పబోతే, పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్తుంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

అసలు ఎక్కడ చెడిందో రాసుకోవాలి.

మా సంఘంలో ఓటు ఇల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే. ఇంటికి ఒకటే ఓటు. మొదటినుంచీ ఉన్న రూలు, నేను పెట్టింది కాదు. కాబట్టి ప్రచారం ఎట్లా చెయ్యాలో మాకు తెలుసు. వదిన కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. బొట్టు పెట్టి పిలిచాక కాదనేవాళ్లు మా దిక్కు ఇంకా పుట్టలేదు. ఓనర్లుండే కింది పోర్షన్లకే వెళ్లింది. మెట్లెక్కలేదు. పైన ఉండేది కిరాయివాళ్లు, ఎక్కితే ఆయాసం తప్ప ఓటు రాదు.

త్రినాథరావు జనం మెట్లెక్కారు. రెండో అంతస్తుకు, మూడో అంతస్తుకు, నీళ్ల ట్యాంకు పక్కన రేకుల గదికి కూడా. గల్లీకి ఒక మనిషిని పెట్టుకున్నారు. మాకు ఓటు లేదు కదమ్మా అంటే, లేదని మాకూ తెలుసు, మీకు నల్లా నీళ్లు పైదాకా ఎక్కుతున్నాయా అని అడిగారట. మేము పడీపడీ నవ్వాం. అన్నకైతే టీ పొలమారింది.

"ఓట్లు లేని ఇంటికి బోయి ఏం జేస్తర్రా, ఉప్పు బదులడుగుతరా?" అన్నాడు.

గెలిచింది మేమే. నాలుగింట మూడొంతుల ఓట్లు మావే. అది ఎవరూ కాదనలేరు. అయినా వాళ్లు ఇంకా మెట్లెక్కుతూనే ఉన్నారు. ఎందుకు?

అన్నిటికంటే మంట పుట్టించేది, మా గల్లీ మనిషి నా ఇంట్లోనే ఉంది. పై పోర్షన్‌లో కిరాయికుండే లలితకుమారి. రాజమండ్రి దిక్కుది, ఒంటరి మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. కిరాయి ఒక్కరోజు ఆలస్యం చెయ్యదు, అరవడానికి ఆ ఆసరా కూడా లేదు నాకు. రోజూ డ్యూటీ నుంచి వస్తూ కింద మా పోర్షన్‌లోకి తొంగి చూసి, షుగరుతో పుండు పడ్డ మా అమ్మ కాలికి కట్టు మార్చి పైకి పోతుంది. అది వేరే సంగతి.

ఫిబ్రవరి 16, ఆదివారం

మూడో గల్లీలో కరెంటు స్తంభానికి బల్బు వెలిగింది. ఏడాదిగా లేదు. కుర్చీలవాళ్లు ఇరవైమంది కలిసి మున్సిపల్ ఆఫీసుకు పోయి కూర్చున్నారట, అక్కడికి కూడా కుర్చీలు తీసుకుపోయారో ఏమో.

అన్న వెంటనే వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాడు: ప్రెసిడెంటు గారి కృషితో అని. కింద నేనే మొదట దండం బొమ్మ పెట్టాను. మూడో గల్లీ నుంచి ఒక్కరు కూడా పెట్టలేదు. చూశారు, అందరూ చూశారు, నీలం టిక్కులు వచ్చాయి.

ఫిబ్రవరి 20, గురువారం

నాకేం కోపం లేదు. వాళ్ల మొహం, వాళ్లెంత.

ఫిబ్రవరి 23, ఆదివారం

అన్న ఇంటికి పిలిచాడు. ఫంక్షన్‌హాల్ మాట ఖాయమైంది. గ్రౌండులో కడతాం. ఉగాది వెళ్లగానే నేల చదును చేయించి భూమిపూజ. పార్కు అని వదిలిన జాగా అంటారు కొందరు. పార్కు అని వదిలినంత మాత్రాన పార్కు అయిపోతుందా? ఒక పూలమొక్క లేదు, ఒక బెంచీ లేదు. ఉన్నదల్లా ఆ కానుగ చెట్టు, దాని కింద ఈ దరిద్రం. పెళ్లిళ్లకు కాలనీవాళ్లకు తక్కువకే ఇస్తాం కదా.

అడ్డం పడేది కుర్చీలవాళ్లే. అన్న చాలా నెమ్మదిగా మాట్లాడాడు. ఆయన నెమ్మదిగా మాట్లాడితేనే భయం.

"కుర్చీలోళ్లకు పెద్ద ఎవలు తమ్మీ?"

"పెద్ద లేడన్నా. గల్లీకొకలున్నరు."

"నీ గల్లీల ఎవలు?"

ఆయనకు తెలుసు. నా నోటితో చెప్పించాలని అడిగాడు. చెప్పాను.

"నీ ఇంట్ల కూసొని నా మీద మీటింగులు వెడుతుంటే నువ్వు కిరాయి తీస్కుంటున్నవ్. జర సోంచాయించు. ముందుగాల నువ్వు ఖాళీ చేయిస్తే, కడమ ఓనర్లకు నేను జెప్పుకుంట."

దారంతా నా మీద నాకే మండింది. తప్పు అన్నది కాదు. ఇల్లు నాది, మొదట నేనే చెయ్యాల్సింది.

ఫిబ్రవరి 27, గురువారం

ఖాళీ చేయించడం కంటే సులువైన దారి ఉందని తోచింది. తేనెపట్టుకు రాణి ఈగ ఉన్నట్టు వీళ్లకు త్రినాథరావు ఉన్నాడు కదా. ఆయన ఒక్కమాట చెబితే ఆగిపోతారు. ఎల్బీ నగర్‌లో నా ఆఫీసు మూసి కొత్తపేట పోయాను. రైతుబజారులో గోంగూర కట్టలు తిప్పి తిప్పి చూస్తూ దొరికాడు. మనిషి చిక్కిపోయాడు. నన్ను చూసి పారిపోతాడేమో అనుకుంటే, సంచీ నా చేతికిచ్చి కట్టలు ఏరాడు.

"సార్, మీరు పెద్దమనుషులు. ఎన్నికలైపోయినయ్. మీ వాళ్లకు జర జెప్పుండ్రి, ఇగ చాలని," అన్నాను.

ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, అందుకే ఇంకా కోపం వచ్చింది.

"మా వాళ్లా? ఎవరండీ మా వాళ్లు? నేను పోటీకి నిలబడింది నా ఇంటి ముందు డ్రైనేజీ పొంగుతోందనండీ. అంతకుమించి ఏం లేదు. నీళ్లు పైదాకా ఎక్కట్లేదని కూడా నాకు తెలీదు. మెట్లెక్కింది నేను కాదు, నాకు మోకాళ్లు పనిచెయ్యవు. వాళ్లే ఎక్కారు. సాయంత్రం వచ్చి నాకు చెప్పేవారు, మాస్టారూ ఫలానా పోర్షన్లో ఇలా ఉందీ అని."

"మీరు జెప్తే ఇంటరు కదా."

"చెప్పానండీ! ఓడిపోయాంగా, ఇక ఎవరిళ్లకు వాళ్లు పోదామన్నాను. మీరు రెస్ట్ తీసుకోండి మాస్టారూ అన్నారు. ఇప్పుడు నన్ను మీటింగుకు కూడా పిలవట్లేదు."

చిన్నబుచ్చుకున్నట్టే ఉన్నాడు. గోంగూర సంచీ తిరిగి ఇచ్చేసి వచ్చాను. నాయకుడు లేనివాళ్లతో ఎవడు మాట్లాడాలి? ఎవడిని కొనాలి, ఎవడిని బెదిరించాలి? గోడను తిట్టినట్టుంది.

మార్చి 2, ఆదివారం

చెప్పేశాను.

నాకే ఆశ్చర్యం, మెట్లెక్కుతుంటే ఎనిమిదో తొమ్మిదో మెట్టు దగ్గర ఆగాను. నా ఇంటి మెట్లే. ట్యాంకు చూడడానికి తప్ప ఎక్కినట్టు గుర్తులేదు. లలితకుమారి తలుపు తీసి, స్టూలు మీదున్న బట్టలు తీసేసి కూర్చోమంది. కూర్చోలేదు.

మా చుట్టాలు వస్తున్నారు, పోర్షన్ కావాలి అన్నాను. ఆమె నా ముఖం చూసింది.

"చుట్టాలు నిజంగానే వస్తున్నారా జైపాల్ గారూ?"

"ఒస్తరు."

"సరేనండి. ఖాళీ చేస్తాను. మామ్మగారి పుండు మాత్రం ఇంకా మానలేదు. రెండ్రోజులకోసారైనా కట్టు మార్చాలి. సుజన గారికి నేర్పి వెళ్తాను."

ఏడవలేదు, బతిమాలలేదు, అన్న పేరు ఎత్తలేదు. ఒక్కమాట పెద్దగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అని దిగేవాడిని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. తెలివి!

మార్చి 3, సోమవారం

పొద్దున అమ్మ టిఫిన్ ముట్టలేదు. వంటింట్లోంచి సుజన వింటూనే ఉంది.

"లలితమ్మను ఎందుకు పొమ్మన్నవ్‌రా?"

"నీకెందుకమ్మా గవన్నీ."

"నాకు ఓటున్నదా?"

"ఏం ఓటు?"

"గదే, మల్లిగాడు గెల్సిన ఓటు. నాకున్నదా లేదా?"

"ఇల్లు నా పేరు మీదుంది. ఓటు నాది."

"మీ వదినకు?"

"అన్న పేరు మీదుంది కదా."

"సుజనకు?"

నేను చట్నీ గిన్నె అమ్మ వైపు జరిపాను. డెబ్బై ఆరేళ్ల మనిషి. ఈ నేల మీద కందులు ఏరింది, జొన్నకర్రలు కోసింది. నాన్న పోయాక సంతకాలకు వేలిముద్ర వేసింది, మాకు చెరో ప్లాటు రాసింది. ఆమె పేరు మీద ఏమీ ఉంచుకోలేదు. మేము ఉంచుకోనియ్యలేదు అని రాయడం తప్పు, ఆమే వద్దంది. నాకు గుర్తున్నంతవరకూ ఆమే వద్దంది.

"అయితే మేమందరం కిరాయోళ్లమే," అని ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపింది.

వంటింట్లో గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు.

మార్చి 15, శనివారం

లలితకుమారి వెళ్లిపోయింది. ఆటో ట్రాలీ మాట్లాడుకోలేదు. కుర్చీలవాళ్లే వచ్చి సామాను తలా ఒకటి పట్టుకుపోయారు. చీమలు బెల్లం ముక్క మోసినట్టు. మంచం, గ్యాసు సిలిండరు, బీరువా. ఇంత చప్పుడు లేకుండా ఇల్లు ఖాళీ చేయడం నేనెప్పుడూ చూడలేదు. కొంచెం తేలికపడ్డాను.

సాయంత్రానికి తెలిసింది, ఎక్కడికి మోశారో. మూడో గల్లీకి! తాళం వేసి ఉన్న త్రినాథరావు ఇంటికి! కాలనీలోనే! మీటింగుకు పిలవట్లేదని చిన్నబుచ్చుకున్న మనిషి తాళాలు మాత్రం పంపాడు.

అన్న ఫోన్ చేసి గట్టిగా అరిచాడు. "నీ ఇంట్లకెల్లి తీసి నా నెత్తిన వెట్టినవ్ గద్రా!" నేను ఏం చెయ్యాలి? నా ఇల్లు నేను ఖాళీ చేయించాను. నాకు చెప్పిన పని నేను చేశాను.

మార్చి 19, బుధవారం

కట్టు మార్చడం సుజన నేర్చుకుంది. అమ్మ ఆమెతో మార్పించుకోదు. కర్ర పట్టుకుని, మా గల్లీ నుంచి మూడో గల్లీ దాకా నడిచి పోతోంది. పుండుకాలితో! బండి మీద దింపుతానంటే, "కిరాయోళ్లకు బండెందుకు" అంది.

మధ్యలో గ్రౌండు. అక్కడ ఆగి, పక్కింటివాళ్లు తెచ్చి వేసిన కుర్చీలో కూర్చుని ఆయాసం తీర్చుకుంటుందట. ఎవరో మజ్జిగ ఇస్తారట. పై పోర్షన్లవాళ్ల పేర్లు చెబుతోంది నాకు, అన్నం తింటూ. ఫలానా ఇంట్లో చంటిబిడ్డ ఉంది, ఫలానా ఆయన కాటేదాన్‌లో పనికి పోతాడు. ఇరవై ఏళ్లుగా ఈ కాలనీలో ఉన్నాను, నాకు తెలియనివాళ్లు ఈమెకు నాలుగు రోజుల్లో ఎక్కడి నుంచి వచ్చారు? నేనే పంపాను. ఆ నర్సు నా ఇంట్లోనే ఉంటే అమ్మ గడప దాటేది కాదు.

అది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

మార్చి 23, ఆదివారం

సుజన కూడా కుర్చీ తీసుకుపోయింది. "అత్తమ్మకు తోడు," అంది. మా డైనింగ్ టేబుల్ కుర్చీ!

మార్చి 30, ఆదివారం

ఉగాది. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైంది. సుజన కావాలనే వేసింది.

ఏప్రిల్ 3, గురువారం

వరసగా రాయాలి, లేకపోతే రేపు నేనే వేరేగా చెప్పుకుంటాను.

పొద్దున ఆఫీసులో ఉండగా అన్న ఫోన్. "జల్ది రా. అమ్మను తీస్కపో." వెంటనే పెట్టేశాడు. ఎల్బీ నగర్ నుంచి ఎట్లా వచ్చానో తెలియదు, సిగ్నల్స్ చూడలేదు. అమ్మకు ఏదో అయిందనుకున్నాను.

గ్రౌండు ముందు జేసీబీ. దానికి ఎదురుగా కుర్చీలు. ఇన్ని కుర్చీలు కాలనీలో ఉన్నాయని నాకు తెలియదు. ఆడవాళ్లే ఎక్కువ. చంటిపిల్లలు, టిఫిన్ డబ్బాలు. నినాదాలు లేవు, జెండాలు లేవు. బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ కాలుస్తున్నాడు. ముందు వరసలో, సరిగ్గా జేసీబీ పళ్లకెదురుగా, మా అమ్మ. కట్టు కట్టిన కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని ఉంది. పక్కన సుజన, ఇటు లలితకుమారి.

నేను పోయి నిలబడ్డాను.

"అమ్మా, లే. ఇంటికి పోదం."

"ఎందుకు?"

"అన్న పని చేయించుకోవాలె."

"చేయించుకోమను. నేనొద్దన్ననా? నేను కూసున్న, గంతే."

అన్న ముందుకొచ్చాడు. తెల్లచొక్కా చెమటకు తడిసిపోయింది. జనం చూస్తున్నారని గొంతు తగ్గించాడు.

"అమ్మా, గిది మన జాగనే. నాయిన జాగ. నువ్వే గిట్ల జేస్తే ఎట్ల?"

"మనదా?" అంది అమ్మ. "మొన్న నీ తమ్ముడు జెప్పిండు, నాకు ఓటు లేదంట. ఓటు లేనిదానికి జాగెక్కడిది బిడ్డా? నేను గీళ్ల లెక్కనే కిరాయికి కూసున్న."

ఎవరో నవ్వారు. ఒకరు నవ్వితే అందరూ. డ్రైవరు కూడా. అన్న ముఖం నల్లబడింది. నా వైపు తిరిగి ఆ మాట అన్నాడు.

"ఏం జూస్తున్నవ్? ఎత్తి బండి మీద ఏస్కపో."

ఏస్కపో. బస్తాను అన్నట్టు. అమ్మను. నా అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు నెలలుగా ఈ డైరీలో రాసుకున్న కోపం కోపం కాదు. ఇది కోపం. ఈయన కోసం నేను దండం బొమ్మలు పెట్టాను. ఈయన కోసం లేని చుట్టాలను తెచ్చాను. ఇదంతా అరిచి చెప్పాలని నోరు తెరిచాను.

"కాలికి పుండున్నది," అన్నాను. అంతే అనగలిగాను.

"అయితే నువ్వు గూడ గాళ్ల దిక్కేనా?"

"నేనెవల దిక్కు లేను. అమ్మను తీస్కపోతందుకు ఒచ్చిన. లేచినంక తీస్కపోత."

అన్న నన్ను చూసిన చూపు జన్మలో మరిచిపోను. జేసీబీ మధ్యాహ్నానికి వెళ్లిపోయింది. రేపు మళ్లీ వస్తుంది. అమ్మ లేవలేదు. కాసేపటికి కాళ్లు గుంజితే కూర్చున్నాను. ఎవరో వెనక నుంచి కుర్చీ తోశారు, ఎవరో చూడలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

అమ్మను తీసుకురావడానికి మళ్లీ వెళ్లాను. రాలేదు. కాబట్టి అక్కడే ఉన్నాను. ఇంటి పెద్దమనిషిని ఎండలో వదిలి ఆఫీసులో కూర్చుంటే నలుగురూ ఏమంటారు? ఇది వాళ్లలో కలవడం కాదు.

జేసీబీ వచ్చింది. ఆగింది. పోయింది.

లలితకుమారి డ్యూటీకి వెళ్తూ, అమ్మ మాత్ర ఎప్పుడు వెయ్యాలో నాకు చెప్పి పోయింది. ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమె మాత్రం మామూలుగానే చెప్పింది. ఖాళీ చేయించినవాడిని కనీసం తిట్టాలి కదా, తిడితే ఆమె సొమ్మేం పోయింది?

ఏప్రిల్ 5, శనివారం

అన్న ఫోను మోగుతూనే ఉంది. ఎత్తలేదు. ఎత్తితే ఏం మాట్లాడతానో నాకే తెలియదు.

వదిన వచ్చింది. మా అమ్మ పక్కన కాసేపు నిలబడింది. మా ఆయన పంపాడు అంది. తర్వాత అటూ ఇటూ చూసి, సుజన పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది.

సోమవారం జేసీబీ ఇంకొకటి తెస్తారని ఎవరో అన్నారు. తెచ్చుకోనీ. రెండిటినీ నడిపే డ్రైవర్లు ఈ కాలనీలో పై పోర్షన్లలోనే ఉంటున్నారట, అమ్మ చెప్పింది.

రేపు కూడా అమ్మను తీసుకురావడానికి వెళ్లాలి. ఎనిమిది లోపే పోవాలి. ఆలస్యమైతే నీడలో జాగా దొరకదు.